అచ్చుపనివాని అనుదిన పరుగు

ఓర్పుతో పరుగెత్తుటను గూర్చి హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములో మనము తరచుగా చదువుచున్నాము. ఆ ఓర్పును నిజముగా కాళ్ళతోనే అభ్యసించిన యొక సండేస్కూలు ఉపాధ్యాయుని జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన పేరు క్లారెన్స్ డిమార్.

ఈయన 1888 జూన్ 7వ తేదీన అమెరికా దేశమందలి ఒహాయో రాష్ట్రములో జన్మించెను. చిన్నతనమందే తండ్రి చనిపోయెను. ఇంట పిల్లలు అనేకులు, రాబడి స్వల్పము. బాలుడైన క్లారెన్స్ సూదులు, దారము, సబ్బు ఇంటింట అమ్మి తల్లికి సాయపడెను. తరువాత బోస్టన్ రేవులోని యొక ద్వీపమందున్న బాలుర బడిలో పెరిగెను. అక్కడ వ్యవసాయమును చేతిపనులును నేర్పుచుండిరి. పెద్దవాడైన పిమ్మట అచ్చాఫీసులో అక్షరములు కూర్చు పని చేసి జీవించెను.

బోస్టన్ నగరములో ప్రతి సంవత్సరమును మారథాన్ అను పరుగు పందెము జరుగును. దాని దూరము ఆ రోజులలో 24 మైళ్ళు దాటియుండెను; తరువాత 26 మైళ్ళు దాటినది. 1910లో డిమార్ అందులో రెండవవాడుగా వచ్చెను. 1911లో పందెమునకు ముందు ఆయనను పరీక్షించిన వైద్యుడు గుండెలో ఏదో అపశబ్దము వినబడుచున్నదనియు, ఇక పరుగు మానుట మంచిదనియు చెప్పెను. ఆ దినముననే ఆయన ప్రథముడుగా వచ్చెను.

అయినను పిమ్మట కొన్ని సంవత్సరములు ఆయన పందెములకు చాలవరకు దూరముగా నుండెను. వైద్యుని హెచ్చరిక యొక కారణము. మనుష్యుల మెప్పు కొరకు పరుగెత్తుట విశ్వాసికి తగునా అను సందేహము మరియొకటి. ఇట్టి ప్రశ్న ఏ పనిలో పేరు వచ్చినను మనకును రావలసినదే.

ఆయన మరల పరుగునకు వచ్చెను. 1922, 1923, 1924, 1927, 1928, 1930 సంవత్సరములలో బోస్టన్ పందెము గెలిచెను. మొత్తము ఏడు జయములు. చివరి జయమునాటికి ఆయన వయస్సు 41 సంవత్సరములు. 1924లో పారిస్ ఒలింపిక్ పందెములలో మూడవ స్థానమును పొందెను.

ఇంత సాధన ఎప్పుడు చేసెను? పనిమాని చేయుటకు ఆయనకు ఆస్తి లేదు. ఇంటినుండి అచ్చాఫీసుకు పరుగెత్తి పోవును. పని ముగియగానే పరుగెత్తి ఇంటికి వచ్చును. ఎట్లును వెళ్ళవలసిన దారినే ఆయన సాధనగా మార్చుకొనెను. ఆ దారిలో చప్పట్లు కొట్టు జనసమూహము లేదు. బోస్టన్‌లో గెలిచిన దినములు ఏడు. ఎవరును చూడని దినములు వేలకొలది. వీటితోపాటు సండేస్కూలులో పిల్లలకు బోధించెను, బాలుర స్కౌటు దళమును నడిపించెను.

1954లో తన 65వ ఏటను ఆయన బోస్టన్ పందెములో పరుగెత్తెను. 1958 జూన్ 11న క్యాన్సరు వ్యాధిచే మరణించెను. ఆయన గుండెను పరీక్షించిన వైద్యులు 1961లో ఫలితమును ప్రకటించిరి. గుండెకు రక్తము నందించు నాళములు సామాన్యులకంటె రెండు మూడు రెట్లు వెడల్పుగా నుండెను. ఒక్కని గుండెనుబట్టి అందరికిని నియమము చేయరాదు. ఆ నాళములలోను కొంత క్రొవ్వు పేరియుండెను. పరుగు ఆయనను క్యాన్సరునుండి తప్పింపలేదు. అయినను ఆగిపోవునని భయపడిన గుండె సుమారు అర్ధ శతాబ్దము పరుగునకు తాళెను.

ప్రియులారా, మనలో అనేకులము తెల్లవారుజామున పొలమునకు నడచుచున్నాము. ప్రార్థనకు, వాక్యధ్యానమునకు తీరిక లేదందుము. డిమార్‌కును వేరుగా తీరిక దొరకలేదు. మనము ప్రతిదినము నడచు ఆ గట్టుదారినే రేపు ఉదయము ప్రార్థనకు వాడుకొని చూతము. ఎల్లుండియు అట్లే చేయుదము.