శ్రమల కొలిమిలో జడ్సన్ దొరగారు

మన తెలుగు బాప్తిస్టు సంఘముల చరిత్ర చెప్పుకొనేటప్పుడు మనము సాధారణముగా నెల్లూరు దగ్గర మొదలుపెట్టి ఒంగోలు దగ్గర ఆగుతాము. డే దొరగారు, జ్యూయెట్ దొరగారు, క్లౌ దొరగారు అనే పేర్లు మన యిండ్లలో తాతముత్తాతల పేర్లవలె వినబడతాయి. అయితే ఆ చెట్టుకు వేరు ఇంకా వెనుక ఉన్నది. 1812వ సంవత్సరములో అమెరికా నుండి కలకత్తాకు వచ్చుచున్న ఒక ఓడలో 23 ఏండ్ల యువకుడొకడు గ్రీకు నిబంధన ముందు పెట్టుకొని బాప్తిస్మమును గూర్చి పరిశోధించినాడు. ఆయనే బర్మా దేశపు అపొస్తలుడని పేరు పొందిన అదోనీరాము జడ్సన్ దొరగారు.

శ్రమలలో ఆత్మీయ బలము ఎక్కడ దొరుకునని అడిగేవారు మన సంఘములలో ఎప్పుడును ఉన్నారు. పుట్టిన ఊరు విడిచి, పరభాష నడుమ కాపురముండి, అయినవారిని ఆ పరాయి నేలలోనే సమాధి చేసికొన్న కుటుంబములు మనలో అనేకము. అట్టివారి కొరకే ఈ దైవజనుని జీవితమును ఇక్కడ వ్రాయుచున్నాము. ఆయన చెరసాల కథ చాలమంది ఎరుగుదురు. చెరసాల తరువాతి కథ ఎరిగినవారు తక్కువ. మన మాట ముఖ్యముగా ఆ రెండవ కథను గూర్చియే.

జడ్సన్ దొరగారు 1788 ఆగష్టు 9న మసాచుసెట్స్ రాష్ట్రమందలి మాల్డెన్ అను ఊరిలో ఒక సంఘ కాపరి యింట జన్మించారు. 1807లో బ్రౌన్ కళాశాలలో ప్రథమ స్థానములో పట్టభద్రులయ్యారు. ఆ చదువు దినములలోనే ఒక స్నేహితుని ప్రభావము వలన తండ్రి విశ్వాసమును విడిచిపెట్టారు. తరువాత ప్రయాణములో ఒక రాత్రి ఒక సత్రములో బస చేయగా, ప్రక్క గదిలో మరణావస్థలో ఉన్న రోగి మూల్గులు తెల్లవారులు వినబడినవి. ఆ చనిపోయినవాడు తనకు అవిశ్వాసము నేర్పిన స్నేహితుడేనని ఉదయమున తెలిసినది. అక్కడనుండి ఆయన మనస్సు దేవుని వైపు తిరిగినది.

1812 ఫిబ్రవరి 5న ఆయన ఆన్ హాసెల్‌టైన్ గారిని వివాహమాడి, మరునాడు అభిషేకము పొంది, 19న భార్యతో కూడ ఓడ ఎక్కారు. వారిని పంపినది చిన్నపిల్లలకు బాప్తిస్మమిచ్చే సంఘము. శ్రీరామపురములోని బాప్తిస్టు మిషనరీయైన కేరీ దొరగారిని కలిసినప్పుడు ఆయనకు సరియైన జవాబు చెప్పవలెనని జడ్సన్ దొరగారు ఓడలో వాక్యమును శోధించగా, ముంపు బాప్తిస్మమే లేఖనానుసారమని ఒప్పుకొనవలసి వచ్చినది. 1812 సెప్టెంబరు 6న కలకత్తా లాల్ బజారు మందిరములో దంపతులిద్దరును బాప్తిస్మము పొందారు. దానితో తమ్మును పంపినవారి జీతము, ఆధారము పోయినవి. ఈ సంగతి విని అమెరికా బాప్తిస్టులు 1814లో ఫిలడెల్ఫియాలో కూడుకొని మిషను సంఘమును స్థాపించారు. ఒరిస్సాలో సేవచేయుచున్న సట్టన్ దొరగారు 1835లో తెలుగువారి కొరకు మొరపెట్టగా, డే దొరగారిని మన మధ్యకు పంపినది ఆ సంఘమే. జడ్సన్ దొరగారు పోగొట్టుకొన్నది మనకు లాభమైనది.

ఈస్టిండియా కంపెనీవారు మిషనరీలను దేశములో ఉండనియ్యలేదు. జడ్సన్ దంపతులు మారిషస్ ద్వీపమునకు పోయి, 1813 జూన్‌లో మద్రాసు చేరారు. అక్కడినుండి కూడ పంపివేయుదురేమోనని భయపడి, అప్పుడు దొరికిన ఓడ ఎక్కారు. అది రంగూనుకు పోవు ఓడ. ఆ ప్రయాణములోనే వారి మొదటి బిడ్డ చనిపోయి పుట్టినది. జులై 13న రంగూనులో దిగారు. రెండవ బిడ్డ రోజర్ ఎనిమిది నెలలకే జ్వరముతో పోయినాడు. బర్మా భాష నేర్చుకొని, వాక్యము చెప్పుచుండగా ఆరు సంవత్సరములు గడిచినవి. 1819 జూన్ 27న మౌంగ్ నౌ అను మొదటి విశ్వాసి బాప్తిస్మము పొందినాడు. ఒక్క ఆత్మ కొరకు ఆరేండ్లు!

1824లో జడ్సన్ దొరగారు రాజధానియైన ఆవాకు వెళ్ళారు. ఆ సంవత్సరమే ఇంగ్లీషువారికిని బర్మా రాజునకును యుద్ధము వచ్చినది. తెల్లవారందరు వేగులవారని అనుమానించి, జూన్ 8న ఆయనను మరణశిక్ష ఖైదీల చెరసాలలో వేశారు. కాళ్ళకు మూడు జతల సంకెళ్ళు. రాత్రియైతే ఖైదీల కాళ్ళ నడుమ వెదురు వాసము దూర్చి, దానిని పైకి లాగి, తల భుజములు మాత్రమే నేలకు ఆనునట్లు కట్టివేసేవారు.

ఆ చెరలో ఆయన ఎట్లు నిలిచారు? ఆయనది ఉక్కు గుండె అని చెప్పుట సులభము. జరిగినది చూడగా వేరొక సంగతి కనబడుచున్నది. ఆన్ దొరసానిగారు గర్భవతియై యుండియు ప్రతి అధికారి గుమ్మము ఎక్కి దిగారు. కావలివారికి లంచములిచ్చి అన్నము, బట్టలు అందించారు. బర్మా భాషలోనికి తర్జుమా చేసిన క్రొత్త నిబంధన వ్రాతప్రతిని మొదట ఇంటిక్రింద నేలలో పాతిపెట్టారు. వర్షములకు చెమ్మ తగిలి పాడగునని, దానిని ఒక గట్టి తలగడలో కుట్టి చెరసాలకు పంపారు. ఎవడును ఆశపడనంత మోటు తలగడ అది. జడ్సన్ దొరగారు తన పది సంవత్సరముల కష్టమును తలక్రింద పెట్టుకొని పండుకొన్నారు.

1825 మే నెలలో ఖైదీలను ఎండవేళ చెప్పులు లేకుండ ఔంగ్‌బిన్‌లే అను ఊరికి నడిపించారు. కాలిన ఇసుక మీద ఆయన అరికాళ్ళు పుండ్లు పడినవి. ఖైదీలలో ఒకడు ఆ ప్రయాణములోనే ప్రాణము విడిచినాడు. అప్పుడు తోటి ఖైదీయైన ఒక ఇంగ్లీషు వర్తకుని బెంగాలీ సేవకుడు తన తలపాగా చింపి, సగము తన యజమానునికి, సగము జడ్సన్ దొరగారికి ఇచ్చి, కాళ్ళకు కట్టుకొనుమని చెప్పి, తన భుజము ఆసరాగా ఇచ్చి నడిపించినాడు. తన ఊరు విడిచి పరదేశములో కూలికి వచ్చిన మన దేశస్థుడు వాడు. వాని పేరు చరిత్రలో లేదు. వాని తలపాగా గుడ్డ దేవుని లెక్కలో తప్పక ఉన్నది.

దొరసానిగారు మూడు నెలల మరియాను చంకనెత్తుకొని ఆ ఊరికి వెంబడించారు. అక్కడ ఆమెకు జబ్బు చేసి పాలు లేకపోగా, జడ్సన్ దొరగారు కావలివారికి డబ్బిచ్చి, సంకెళ్ళతోనే బిడ్డనెత్తుకొని ఇంటింటికి పోయి, పసిబిడ్డల తల్లులను పాలు ఇమ్మని అడుక్కొన్నారు. ఆ బర్మా తల్లులు ఇచ్చారు. ఇక ఆ తలగడ సంగతి. ఆవా చెరసాలలో కావలివాడు పైచాప లాగుకొని లోపలిది పారవేయగా, మౌంగ్ ఇంగ్ అను విశ్వాసి గురువుగారి గుర్తుగా ఉంచుకొందమని దానిని ఇంటికి తీసికొనిపోయినాడు. అందులో ఏమున్నదో వానికి తెలియదు. కొన్ని నెలల తరువాత చూడగా వ్రాతప్రతి చెడిపోకుండ దొరికినది.

దాదాపు 17 నెలల చెర తరువాత ఆయనను సంధి మాటలకు దుబాసిగా విడిపించారు. 1826 ఫిబ్రవరిలో యుద్ధము ముగిసినది. ఇక కష్టములు గట్టెక్కినవని ఎవరైనను అనుకొందురు. అయితే అదే సంవత్సరము అక్టోబరు 24న, ఆయన ప్రభుత్వ పనిమీద ఆవాలో ఉండగా, అమ్హెర్స్ట్ అను ఊరిలో ఆన్ దొరసానిగారు జ్వరముతో మరణించారు. నల్ల ముద్ర వేసిన ఉత్తరము చేతికి వచ్చినప్పుడు బిడ్డ పోయిందని తలంచి విప్పారు. పోయినది భార్య. ఆరు నెలలకు, 1827 ఏప్రిల్ 24న, మరియా కూడ తల్లి ప్రక్కన సమాధియైనది. ఆ సంవత్సరమే తండ్రి మరణవార్త కూడ వచ్చినది.

సంకెళ్ళు చేయలేని పని దుఃఖము చేసినది. ఆయన మనుష్యులకు దూరమయ్యారు. కళాశాలవారు ఇచ్చిన గౌరవ బిరుదును వదలుకొన్నారు. తన స్వంత ధనమును మిషనుకు ఇచ్చివేశారు. మౌల్మీను దగ్గర అడవిలో గుడిసె వేసికొని ఒంటరిగా ఉన్నారు. తన కొరకు సమాధి త్రవ్వించుకొని దాని ప్రక్కన కూర్చొని మరణమును ధ్యానించేవారు. దేవుడున్నాడని నమ్ముచునే, ఆయన తనకు దొరకుటలేదని వేదన పడ్డారు. బర్మా దేశములో మొదటి బాప్తిస్టు సంఘము నాటిన దైవజనుని స్థితి ఇది!

ఈ భాగమును దాచి చెప్పుట మంచిది కాదని మేము తలంచుచున్నాము. బిడ్డనో భర్తనో పోగొట్టుకొని ప్రార్థన నోట రాని సహోదరి మన సంఘములో ఉన్నప్పుడు, పరామర్శకు వెళ్ళినవారు కొందరు విశ్వాసము చాలలేదని ఆమెను గద్దింతురు. దుఃఖమును పాపముగా లెక్కింతురు. జడ్సన్ దొరగారికి విశ్వాసము చాలలేదని వారు చెప్పగలరా? యోబు ఏడ్చినాడు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినాడు. దేవుడు అతనిని గద్దింపక ముందుగా రొట్టెయు నీళ్ళును పంపినాడు గదా.

జడ్సన్ దొరగారికి బలము ఏదో ఒక రాత్రి దర్శనము వలన తిరిగి రాలేదు. మెల్లమెల్లగా వచ్చినది. ఆ చీకటి కాలములో కూడ ఆయన క్రొత్త నిబంధన దిద్దుబాటు పనిని పూర్తిగా విడిచిపెట్టలేదు. తోటి మిషనరీలు ఆయనను విడిచిపెట్టలేదు. 1830 నుండి మరల ఊళ్ళమీదికి వెళ్ళి సువార్త చెప్పారు. కొండలలోని కరెన్ ప్రజలు వాక్యము కొరకు ఎదురుచూచుట చూచారు. తరువాత పాత నిబంధన తర్జుమాకు కూర్చొని, హెబ్రీ మూలమునుండి ఏ దినపు వచనములు ఆ దినము చేసికొనుచు వచ్చారు. 1834 జనవరి 31న కడపటి పుట ముగించి, దానిని చేతపట్టుకొని మోకరించి దేవుని స్తుతించారు. దిద్దిన ప్రతి 1840లో వెలువడినది. నేటికిని బర్మా క్రైస్తవులు ఎక్కువగా చదువుకొనేది ఆ బైబిలే.

ఆ తరువాత కూడ శ్రమలు ఆగలేదు. 1834లో వివాహమాడిన సారా దొరసానిగారు 1845లో సముద్ర ప్రయాణములో చనిపోయారు. ఆయన కూడ 1850 ఏప్రిల్ 12న ఓడమీదనే ప్రభువునందు నిద్రించారు. సముద్రమే ఆయన సమాధి. తరువాతి కాలములో కోరంగి, కాకినాడ, విశాఖపట్నము రేవులనుండి మన తెలుగువారు వేలాదిగా రంగూనుకు కూలికి వెళ్ళినప్పుడు, వారు దిగిన దేశములో సువార్త ముందే నాటబడి యున్నది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ జీవితము నేర్పునది ఇదే. శ్రమలలో బలము అనగా కన్నీరు రాకపోవుట కాదు. దేవుడు తన బలమును తరచుగా ఇతరుల చేతులతో పంపును: ఒక భార్య తెచ్చిన అన్నము, ఒక సేవకుని తలపాగా గుడ్డ, ఎరుగని తల్లి ఇచ్చిన పాలు. మిగిలినది ఆ దినపు పనితో పంపును. కాబట్టి చీకటిలో ఉన్నవారు ఈ దినపు వచనములు ఈ దినము చదువుకొనుడి; ప్రార్థన రానియెడల సంఘము మీ కొరకు ప్రార్థించును. వెలుగులో ఉన్నవారు బోధతో కాక అన్నపు గిన్నెతో ఆ యింటికి వెళ్ళుడి. అట్టి కృప ప్రభువు మనకందరికిని అనుగ్రహించునుగాక.