యల్లాప్రగడ సుబ్బారావు గారు

మా మంగళగిరి పెన్షనర్లలో కొందరు ఆయుర్వేదం మొదలుపెట్టగానే బి.పి. మాత్రలు మానేస్తున్నారు. నేనూ మోకాళ్లకు తైలం రాస్తాను గానీ మాత్రలు మానను. అందుకే సుబ్బారావు గారు గుర్తొస్తారు.

1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఇద్దరు సోదరులను తీసుకుపోయింది, ఆయననూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. లక్ష్మీపతి గారూ ఇంగ్లీషు వైద్యం చదివినవారే సుమండీ! సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు, అయినా చదివిన వైద్యాన్ని వదల్లేదు. అమెరికా వెళ్లి పరిశోధనలో పడ్డారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది.

1948లో, మన పెన్షను వయసైనా చూడకుండా, 53 ఏళ్లకే కన్నుమూశారు.