మెకంజీ దొర

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లండు నందలి లూయిస్ దీవిలో జన్మించెను. 1783లో కుంఫిణీ కొలువునకై చెన్నపట్టణము చేరి, గుంటూరు సీమ మొదలగు చోట్ల భూములు కొలిచెను. పురాతన శాసనములపై ఆయనకు మక్కువ మెండు. దేశభాషలు మాత్రము రావు.

1796 ప్రాంతమున ఏలూరివాడగు కావలి వెంకట బొర్రయ్య ఇరువదేండ్ల ప్రాయమున ఆయన యొద్ద దుబాసిగా చేరెను. ఒకరి మాట వేరొకరికి తెలుపుటయే దుబాసి పని. కాని బొర్రయ్యకు సంస్కృత పారసీకములే కాక, ప్రాచీన లిపులను చదువు నేర్పును, పల్లెజనుల అనుమానము పోగొట్టు మాటతీరును కలవు. మెకంజీ ఇది గ్రహించి, అతనిని దుబాసితనమునకే కట్టివేయక శాసనసేకరణ భారమునే అప్పగించెను. అధికారులలో ఇట్టి చూపు అరుదు.

1803లో బొర్రయ్య అకాలమరణము పొందగా పని నిలిచిపోవునట్లుండెను. మెకంజీ అతని సోదరుడు లక్ష్మయ్యను ఆ స్థానమున నిలిపి, హళెగన్నడ శాసనములు చదువుటకు ధర్మయ్య అను జైన పండితుని చేర్చుకొనెను. కరణముల కవిలెలనుండి వీరు సేకరించిన కైఫియత్తులలోనే మన గ్రామముల చరిత్ర పెక్కు నిలిచినది.

మెకంజీ 1815లో భారతదేశపు సర్వేయరు జనరలై, 1816లో అమరావతి శిల్పములను చిత్రకారులచే గీయించి, 1821లో మరణించెను. ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య అర్జీ పెట్టుకొనెను. సహాయకుడుగా తప్ప అంతటి పనికి అతడు తగడని 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు దానిని త్రోసిపుచ్చిరి.