వంతులు వేసి, లెక్కలు రాయించి సేవ నడిపిన విన్సెంట్ డీ పాల్

పల్లెలో ఒక ఇంట చావు జరిగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇరుగుపొరుగువారే అన్నం వండి తెస్తారు. మొదటిరోజు నాలుగిళ్ల నుంచి గిన్నెలు వస్తాయి, తినేవారుండరు. నెల గడిచాక ఆ ఇంట్లో బియ్యం వున్నాయో లేవో అడిగేవారుండరు. ఇది మనమందరం ఎరిగిన సంగతే. సరిగా ఇటువంటి సంగతినే నాలుగు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో ఒక విచారణ గురువు గమనించారు. గమనించి ఊరుకోక దానికొక కట్టుబాటు చేశారు. ఆయనే పునీత విన్సెంట్ డీ పాల్. తెలుగునాట అనేక కతోలిక విచారణల్లో బీదసాదలను చూసే సంఘం ఆయన పేరుమీదనే నడుస్తోంది. సెప్టెంబరు 27 ఆయన పండుగ.

కతోలికులు కానివారి కోసం ఒక మాట. కొన్ని పల్లెలు కలిస్తే ఒక విచారణ. దానికొక విచారణ గురువు. విచారణలన్నీ కలిస్తే మేత్రాసనం, దానికి పీఠాధిపతి. ఈ ఏర్పాటు విన్సెంట్ నాటికే పాతది. అందులో మామూలు గృహిణులకు, కూలి చేసుకునే ఆడపిల్లలకు ఒక పని, ఒక బాధ్యత అప్పగించడమే ఆయన చేసిన కొత్త సంగతి.

విన్సెంట్ 1581లో ఫ్రాన్సు నైరుతి మూలనున్న పూయీ అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో మూడవవాడు. చిన్నతనంలో గొర్రెలు, పందులు కాశారు. కొడుకు చదువు కోసం తండ్రి ఒక జత ఎడ్లను అమ్మాడని చెబుతారు. ఆ తండ్రే ఒకసారి కుంటుకుంటూ, మాసిన బట్టలతో బడికి వస్తే, తోటివారి ముందు సిగ్గుపడి ఆయన్ను చూడటానికి విన్సెంట్ వెళ్లలేదు. ఈ సంగతి వేరొకరు బయటపెట్టింది కాదు. ముసలితనంలో తన శిష్యులకు ఆయనే చెప్పుకుని బాధపడ్డారు.

1600లో గురుపట్టం పొందారు. అప్పటికి వయసు పందొమ్మిదే. శ్రీసభ చట్టం ప్రకారం ఇరవై నాలుగేళ్లు నిండాలి. మంచి రాబడివున్న గుడి సంపాదించి తల్లిని, తోబుట్టువులను ఆదుకోవాలన్నదే అప్పటి ఆయన ఆలోచన. 1605లో సముద్రపు దొంగల చేతిలో చిక్కి టూనిస్‌లో బానిసగా అమ్ముడుపోయానని ఉత్తరాల్లో రాశారు. దీన్ని నమ్మని చరిత్రకారులూ వున్నారు. ఆ తర్వాత పారిస్ చేరి, 1612లో ఆ నగరం పక్కనున్న క్లిషీ అనే పల్లెకు విచారణ గురువయ్యారు. మరుసటి ఏడు గోండీ అనే గొప్ప జమీందారీ కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లారు. జమీందారుగారి పల్లెలు తిరిగినప్పుడే రైతుల అవస్థ ఆయన కళ్లపడింది. చావుబతుకుల్లో వున్న రైతుకు కూడా సరిగా పాపసంకీర్తనం వినిపించే గురువు దొరకని రోజులవి.

1617లో గోండీ వారి ఇల్లు విడిచి, లియోన్ నగరానికి దగ్గరలోని షాటిల్లాన్ అనే చిన్న పట్నానికి విచారణ గురువుగా వెళ్లారు. ఆగస్టు నెలలో ఒక ఆదివారం పూజకు సిద్ధమవుతుండగా కబురొచ్చింది. ఊరికి దూరంగా ఒక ఇంట అందరూ జబ్బుపడ్డారు, ఒకరికొకరు మంచినీళ్లు ఇచ్చుకునే దిక్కు లేదు. ప్రసంగంలో విన్సెంట్ ఆ మాట చెప్పారు. సాయంకాలం ప్రార్థన అయ్యాక తానూ బయల్దేరారు. దారి పొడుగునా ఆడవాళ్లు, కొందరు వెళుతూ, కొందరు తిరిగివస్తూ, ఎండకు తాళలేక మరికొందరు చెట్ల నీడన కూర్చుని కనిపించారు. ఆ ఇంట రొట్టె, మాంసం కుప్పపడ్డాయి. ఇంకొకరైతే జనం మంచితనానికి మురిసిపోయి ఇంటికి వెళ్లేవారు. విన్సెంట్‌కు మాత్రం మరోటి తోచింది. ఇందులో సగం రేపటికి పాడైపోతుంది, ఎల్లుండి వీళ్లు మళ్లీ పస్తులే.

మూడు రోజులకల్లా, అంటే ఆగస్టు 23న, కొందరు ఆడవాళ్లను కూర్చోబెట్టి వంతులు వేశారు. డిసెంబరు 8న అది సంఘంగా నిలబడింది. ఆ సంఘానికి ఆయన రాసిన నియమావళి చదివితే, వంటింట్లో నిలబడి రాశారా అనిపిస్తుంది. రోజుకొకరు వండాలి. వండినది తానే మోసుకెళ్లాలి. మంచం మీద పీట పెట్టి, గుడ్డ పరచి, చేతులు కడిగించి తినిపించాలి. ఒకరు పెద్ద, ఒకరు కోశాధికారి. ఖర్చుకు లెక్క వుండాలి, ఆ లెక్క ఏటా చెప్పాలి. ఇవన్నీ ఒక ఎత్తు, మరొక నియమం ఒక ఎత్తు. ఇంట్లో ఎవరైనా తోడున్న రోగి దగ్గరికి మొదట వెళ్లాలి, ఎవరూ లేనివారి దగ్గరికి ఆఖరున వెళ్లాలి. అప్పుడు తొందరపడకుండా వారి దగ్గర కాసేపు కూర్చోవచ్చు.

ఏడాది తిరక్కుండానే గోండీ వారు మళ్లీ పిలిపించుకున్నారు. ఈసారి ఆ జమీందారీ పల్లెల్లో విచారణ తర్వాత విచారణలో ఇటువంటి సంఘాలు పెట్టుకుంటూ వెళ్లారు. కొన్నిచోట్ల మగవారిని, ఆడవారిని ఒకే సంఘంలో చేర్చి చూశారు. అది పొసగలేదు. మగవారు పెత్తనమంతా తమకే కావాలన్నారు, ఆడవారు ఒప్పుకోలేదు. చివరకు విన్సెంట్ ఆడవారి వైపే మొగ్గారు. డబ్బు లెక్క వారి దగ్గర భద్రంగా వుందని ఆయన అనుభవం మీద తేల్చారు. మన సంఘాల పెద్దలు దీన్ని ఒకసారి తలచుకోవచ్చు.

పల్లెల్లో గురువుల కొరత తీర్చడానికి 1625లో మిషన్ సభ స్థాపించారు. గోండీ దంపతులు 45,000 లీవర్లు ఇచ్చారు. ఈ గురువులు పల్లెజనం దగ్గర ఏమీ పుచ్చుకోకుండా బోధించాలన్నది నియమం.

పారిస్‌లో చిక్కు వేరు. గొప్పింటి అమ్మగార్లు సంఘంలో చేరారుగాని, గిన్నె పట్టుకుని రోగి గుడిసెకు వెళ్లవలసిన నాడు పనిమనిషిని పంపేవారు. అప్పుడు ముందుకొచ్చింది పశువులు కాసుకునే మార్గరీత్ నాజో అనే పల్లెపిల్ల. దారిన పోయేవారిని అడిగి అక్షరాలు నేర్చుకుని, ఇతర పిల్లలకు చదువు చెప్పిన అమ్మాయి ఆమె. 1633లో ఒక రోగికి సేవచేసి ప్లేగు సోకి చనిపోయింది. ఆమె వంటి పల్లెపిల్లలను అదే ఏడు నవంబరు 29న లూయీస్ ద మరియాక్ అనే వితంతువు తన ఇంట చేర్చుకున్నారు. అంతకుముందు నాలుగేళ్లుగా లూయీస్ పల్లెలు తిరిగి సంఘాల లెక్కలు, వంతులు తనిఖీ చేస్తున్న మనిషే. ఆ రోజుల్లో కన్యస్త్రీలు మఠం గోడలు దాటరాదు. వీరికి మాత్రం గోడలే లేవు. అద్దె ఇంట వుండేవారు, విచారణ గుడిలోనే పూజ వినేవారు, రోజంతా వీధుల్లో తిరిగేవారు. అనాథ శిశువులు, ఓడల్లో తెడ్లు వేసే ఖైదీలు, యుద్ధంలో చితికిపోయిన లొరేన్ ప్రాంతం ప్రజలు, అందరికీ సాయం ఈ ఏర్పాట్ల మీదుగానే వెళ్లింది.

1660 మార్చిలో లూయీస్, సెప్టెంబరు 27న విన్సెంట్ కన్నుమూశారు. ఆయన కుర్చీలో కూర్చునే ప్రాణం విడిచారు. 1737లో పునీతుడిగా ప్రకటించారు.

మన విచారణల్లో ఆయన పేరున వున్న సంఘం ఆయన పెట్టింది కాదు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి, మరికొందరు స్నేహితులు కలిసి దాన్ని ప్రారంభించారు. బీదల ఇళ్లకు ఎలా వెళ్లాలో వారికి చూపింది విన్సెంట్ సభ కన్యస్త్రీ రోజలీ రెండ్యూ. ఆయన స్థాపించిన మిషన్ సభ గురువులు మన సరిహద్దు దాకా వచ్చారు. గంజాం ప్రాంతం విశాఖపట్నం మేత్రాసనం కింద వున్న కాలంలో, 1922లో, స్పెయిన్ దేశం నుంచి అక్కడికి చేరారు. 1928లో ఆ ప్రాంతాన్ని విడదీసి కటక్ మిషన్‌గా చేశారు.

ఆయన పుట్టిన పూయీ పల్లెను ఇప్పుడు సేంట్ విన్సెంట్ డీ పాల్ అని పిలుస్తున్నారు.