మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్: మనసుని మంచి మీద నిలపడం అంటే ఏంటి?

ఏడుపాయల వనదుర్గమ్మ దర్శనానికి వెళ్ళినవాళ్ళకి మెదక్ దారి తెలిసిందే. ఈసారి ఆ మెదక్ పట్టణంలోని పెద్ద చర్చి గురించి, దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ గారి గురించి చెబుతాను. మన దగ్గర క్రైస్తవుడి కథ ఏంటి అనుకోకండి. మనసుని ఒక్కచోట నిలపడాన్ని మనం ధారణ అంటాం కదా, వేరే దారిలో నడిచిన మనిషిలో అది ఎలా ఉంటుందో చూద్దామని.

పోస్నెట్ గారు ఇంగ్లండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ. 1895లో సికింద్రాబాద్ చేరారు. మొదట తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశారు. తన దేశం వాళ్ళు, తన భాష, అన్నీ అక్కడే ఉన్నాయి. అయినా ఆయన మనసు పల్లెల వైపే లాగింది. కొద్దికాలానికే సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని మెదక్ వచ్చేసి, అక్కడే దశాబ్దాల పాటు ఉండిపోయారు.

పౌలు అనే అపొస్తలుడు చెరసాలలో ఉండి ఫిలిప్పీ ఊరివాళ్ళకి రాసిన ఉత్తరం ఒకటి బైబిల్‌లో ఉంది. సత్యమైనవి, న్యాయమైనవి, పవిత్రమైనవి ఏవో వాటినే తలుచుకుంటూ ఉండమని అందులో చెబుతాడు. ఆ వెంటనే, నేర్చుకున్నది చేసి చూపించమని కూడా అంటాడు. మనలో చాలామందిమి మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. కళ్ళు మూసుకుంటే ప్రశాంతంగానే ఉంటుంది మరి! పోస్నెట్ గారి జీవితంలో నాకు నచ్చింది ఆ రెండో మాట.

అవి మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. మెదక్ ప్రాంతాన్ని కరువు పట్టుకుంది. అన్నం ఊరికే పంచి పంపేయొచ్చు. కానీ ఆయన 1914లో చర్చి పని మొదలుపెట్టి, పనికి ఆహారం ఇచ్చారు. రాళ్ళు కొట్టినవాళ్ళు, మోసినవాళ్ళు చేయి చాచకుండా కష్టం చేసుకుని తిన్నారు. అలా పదేళ్ళు పని సాగింది. 1924 డిసెంబర్ 25న చర్చి ప్రారంభమైంది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గంట గోపురం. లోపల సుమారు 5,000 మంది పడతారు.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్నకి వద్దాం. తిండి పెట్టి మతం మార్చారా? నేను దాటేయను. ఆయన మిషనరీ, తన మతం చెప్పడానికే వచ్చారు. ఆ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు, ముఖ్యంగా దళిత కుటుంబాలు, క్రైస్తవంలో చేరాయి. దీని మీద మీకు మీ అభిప్రాయం ఉండొచ్చు. నన్ను మాత్రం ఇంకో ప్రశ్న వదలదు. ఊరి బయట ఉంచిన ఆ మనుషుల ఆకలి అప్పటిదాకా ఎంతమందికి కనిపించింది? అన్నం పరబ్రహ్మ స్వరూపం అని చెప్పుకునే మనం ఆయన ఉద్దేశాన్ని తూకం వేసే ముందు, ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవాలి.

ఆ చర్చిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. ఒకదాని మీద క్రీస్తు పుట్టుక, ఒకదాని మీద సిలువ, ఇంకోదాని మీద ఆరోహణం. ఎండ ఉన్నప్పుడు లోపల నిలబడి చూస్తే ఒక్కో రంగూ వెలిగిపోతుంది. పొద్దుగూకాక బొమ్మలు కనపడవు. బొమ్మ ఎక్కడికీ పోదు, దాని వెనక వెలుతురు లేదంతే. మనం చదివిన మంచి మాటలూ అంతే. చేసే పని లేకపోతే అవి గోడ మీద నల్లటి అద్దాలే.

ఈ వారం ఒక చిన్న సాధన చేద్దాం. పొద్దున పూజయ్యాక దయ, నిజాయితీ, ఓర్పు, వీటిలో ఒక్కటి మనసులో పెట్టుకోండి. రాత్రి పడుకునేలోపు అది ఒక మనిషికైనా అందాలి. మీ వాచ్‌మన్‌కో, డెలివరీ అబ్బాయికో, ఇంట్లో మీరు మాట్లాడటం మానేసినవాళ్ళకో. అందిందంటే ఆ రోజు మీ ధ్యానం పూర్తయినట్టే.