అరగంటా? ఆయుష్షంతా?

కార్తీకమాసం వచ్చిందంటే మా విశాఖలో సాయంత్రాలు ఏదో ఒక గుడిలో ప్రవచనం ఉంటుంది. వంట కాస్త ముందుగా ముగించుకుని మా వీధి ఆడవాళ్ళం నలుగురం వెళ్తుంటాం. ఒకసారి తిరిగి వస్తుంటే మాలో ఒకావిడకి పెద్ద సందేహం వచ్చింది. రమణ మహర్షికి పదహారేళ్ళ వయసులో, అరగంటలో, ఉన్నదంతా ఒకటేనన్న ఎరుక కలిగిందట కదా! మనం పెళ్ళయిన దగ్గర్నుంచీ దీపం పెడుతూనే ఉన్నాం, లలిత చదువుతూనే ఉన్నాం, కుక్కర్ కూత వినపడగానే మనసు అటే పోతోంది. అది ఒక్కసారిగా వచ్చేదే అయితే ఈ పూజలన్నీ ఎందుకు? మెల్లమెల్లగా వచ్చేదైతే మనదాకా ఎప్పటికి వచ్చేను?

నాకు జవాబు తోచలేదు. కానీ ఈ ప్రశ్నతోనే జీవితమంతా నడిచిన మన ఉత్తరాంధ్ర మనిషి ఒకాయన గుర్తొచ్చారు. ఆయనే కావ్యకంఠ గణపతి ముని.

విశాఖలో రాయగడ వైపు వెళ్ళే రైలెక్కితే విజయనగరం దాటాక బొబ్బిలి వస్తుంది. దాని దగ్గరి పల్లె కలువరాయి. ఇప్పుడది విజయనగరం జిల్లా. ఆ జిల్లా 1979లో ఏర్పడింది గనక, అప్పట్లో అదంతా విశాఖపట్నం జిల్లాయే. 1878 నవంబర్ 17న అక్కడ అయ్యలసోమయాజుల వారింట గణపతి శాస్త్రి పుట్టారు. తండ్రి నరసింహశాస్త్రి, తల్లి నరసమాంబ. చిన్నప్పుడు ఆ పిల్లవాడికి ఆరోగ్యమూ లేదు, మాటా సరిగా రాలేదట. తల్లి ఎంత బెంగపడి ఉంటుందో మనకి వేరే చెప్పాలా? తీరా మాట వచ్చాక సంస్కృతం ఆయన నోట ప్రవాహమైంది. 1900లో, ఇరవై రెండేళ్ళయినా నిండకుండానే, బెంగాల్లోని నవద్వీప పండితులు ఆయన ఆశుకవిత్వానికి మెచ్చి కావ్యకంఠ బిరుదు ఇచ్చారు.

ఆ కాలపు ఆచారం ప్రకారం చిన్నతనంలోనే విశాలాక్షితో పెళ్ళయింది. ఆయనకేమో తపస్సు పిచ్చి. పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలి తీర్థాలు పట్టి తిరగడం మొదలుపెట్టారు. పంచాక్షరి జపం లెక్కకి అందనంత చేశారు. ఇంటికి వచ్చేవారు, మళ్ళీ వెళ్ళేవారు. ఇంట్లో ఎదురుచూసిన విశాలాక్షి గురించి పుస్తకాలు తక్కువే చెబుతాయి. అయితే ఆవిడ ఊరికే ఎదురుచూస్తూ కూర్చోలేదు. భర్త దగ్గరే మంత్రోపదేశం పొంది, పిల్లల్ని పెంచుకుంటూనే తన ఉపాసన తాను సాగించారు.

ఇక్కడ కాస్త మధుర వెళ్ళి రావాలి. 1896 జూలైలో అక్కడ వెంకట్రామన్ అనే బడిపిల్లాడికి ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంది. జబ్బేమీ లేదు. ఎవర్నీ పిలవకుండా, శవంలా బిగుసుకుని పడుకుని, చచ్చేది ఈ ఒళ్ళే కదా, మరి నేనెవర్ని అని లోపల చూసుకున్నాడు. భయం పోయింది. ఆ ఎరుక మాత్రం మళ్ళీ పోలేదు. గురువు లేడు, మంత్రం లేదు. ఆ సెప్టెంబర్ 1న అరుణాచలం చేరినవాడు మరి తిరిగి వెళ్ళలేదు.

శాస్త్రిగారు 1903లోనే తిరువణ్ణామలై వెళ్ళి కొండమీద ఆ మౌనస్వామిని చూశారు. తర్వాత వేలూరులో కొన్నాళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1907లో ఆ ఉద్యోగం వదిలేసి మళ్ళీ అరుణాచలం చేరారు. బిరుదులున్నాయి, శిష్యులున్నారు, జపం ఉంది. అనుకున్నది మాత్రం అందలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు నిండిన మర్నాడు, నవంబర్ 18న, మధ్యాహ్నపు ఎండలో విరూపాక్ష గుహకి ఎక్కి, తనకన్నా ఏడాది చిన్నవాడైన స్వామి కాళ్ళమీద పడ్డారు. చదవవలసినవన్నీ చదివాను, చేయవలసిన జపమంతా చేశాను, తపస్సంటే ఏమిటో ఇప్పటికీ తెలియలేదు, చెప్పమని ప్రాధేయపడ్డారు.

స్వామి చాలాసేపు ఆయనవంక చూసి రెండే మాటలు చెప్పారు. నేను అనే తలంపు ఎక్కడినుంచి పుడుతోందో చూస్తే మనసు అందులో లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తే ఆ నాదం పుట్టేచోటు చూడు, అదీ తపస్సే.

ఆ రెండో మాట గమనించండి. ఇన్నాళ్ళ జపం వృథా అనలేదు. దాన్ని పారేయమనలేదు. చేస్తున్నదానిలోనే మొదలు వెతకమన్నారు. ఆనందం పట్టలేని శాస్త్రిగారు ఆ స్వామికి భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టారు. ఈనాడు లోకమంతా పిలిచే ఆ పేరు మన బొబ్బిలి ప్రాంతపు మనిషి పెట్టినదే. గురువుని చూపించిన అమ్మవారికి కృతజ్ఞతగా ఉమాసహస్రం రాశారు. శిష్యులు ఆయన్ని నాయన అనేవారు. మహర్షీ అలాగే పిలిచేవారు.

తర్వాత నాయన, ఇతర శిష్యులు 1913 నుంచి 1917 వరకు అడిగిన ప్రశ్నలకి మహర్షి ఇచ్చిన జవాబులు రమణగీత అయ్యాయి. సంస్కృతంలో కూర్చింది నాయనే. అందులో పదమూడో అధ్యాయం విశాలాక్షిగారిది. సంసారంలో ఆటంకాలు వస్తే, అర్హత ఉన్న స్త్రీ సన్న్యాసం తీసుకోవచ్చా? జ్ఞానం పొందిన స్త్రీ శరీరం వదిలితే దహనం చేయాలా, సమాధి చేయాలా? భర్త ద్వారా అడిగించారు. మహర్షి తడుముకోలేదు. పరిపక్వత ఉన్న స్త్రీకి సన్న్యాసం శాస్త్రం నిషేధించలేదన్నారు. జ్ఞానంలోనూ ముక్తిలోనూ స్త్రీపురుష భేదం లేదు గనక సమాధే చేయాలన్నారు.

ఐదేళ్ళకి ఆ జవాబు మహర్షి సొంత ఇంటికే అవసరమైంది. కొడుకుని వెతుక్కుంటూ వచ్చి, అతని దగ్గరే ఉండిపోయి, కొండమీద పొయ్యి వెలిగించి అందరికీ వండిపెట్టిన తల్లి అళగమ్మ, 1922 మే 19న అంత్యదశకి వచ్చింది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక చెయ్యి ఆవిడ గుండెమీద, ఒక చెయ్యి తలమీద పెట్టి మహర్షి కూర్చున్నారు. ఆ ఒక్కరోజులో తల్లి వాసనలన్నీ తీరి ముక్తి పొందిందని భక్తుల నమ్మకం. ఆవిణ్ణి దహనం చేయలేదు, సమాధి చేశారు. రమణాశ్రమం పెరిగింది ఆ సమాధి చుట్టూనే. అళగమ్మది అరగంట కథా, ఆయుష్షంతా నడిచిన కథా? ఒక్కరోజే అని ఎలా అంటాం? అంతకుముందు ఏళ్ళ తరబడి వండిన వంట ఉంది కదా!

నాయన ఆ కొండ దగ్గరే కూర్చుండిపోలేదు. దేశానికి స్వాతంత్ర్యం రావాలి, అంటరానితనం పోవాలి, వేదం చదివే హక్కు ఆడవాళ్ళకీ ఉండాలి అన్నారు. ఇవన్నీ శాస్త్రసమ్మతమేనని పండితులతో వాదించారు, కాంగ్రెస్‌లో తిరిగారు. 1926లో విశాలాక్షి కన్నుమూశారు. పదేళ్ళకి, 1936 జూలై 25న, ఖరగ్‌పూర్ దగ్గర నింపురాలో నాయన వెళ్ళిపోయారు.

మేజర్ చాడ్విక్ అనే ఇంగ్లీషు భక్తుడు తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాశారు. నాయనకి జ్ఞానం సిద్ధించిందా అని ఎవరో అడిగితే, ఎలా సిద్ధిస్తుంది, సంకల్పాలు మరీ బలమైనవి కదా అన్నారట మహర్షి. చదివిన రోజు నాకు మనసంతా చేదైపోయింది. అంత తపస్సు చేసినవారికే లేదా? తర్వాత ఆలోచిస్తే మరోటి తోచింది. ఆయన వదల్లేకపోయిన సంకల్పాల్లో మన చదువూ ఉంది, మన హక్కూ ఉంది. అవి ఆయన్ని ఆపితే ఆపాయేమో గానీ, మనకి తలుపు తీశాయి. ఆ రుణం నేను కాదనలేను.

మా స్నేహితురాలిది ఉక్కునగరం. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఎర్రటి ఇనుము ఒక్కసారిగా దూకడం చూసినవాళ్ళు అబ్బో అంటారు. గంటల తరబడి లోపల ఖనిజం, కోకు కలిసి కాగడం ఎవరికీ కనపడదు. అయితే ఎంత కాగినా, దారి తెరిచేది ఒక్క క్షణంలోనే. మహర్షి వెనక ఏ జన్మల కాపుదల ఉందో మనకి తెలీదు. నాయన కాగుతూనే నలుగురికీ వెలుగిచ్చారు.

కనక, కుక్కర్ కూతకి మనసు పోయిందే అని బాధపడకమ్మా అని ఆవిడతో అన్నాను. పోయిందని తెలిసింది కదా, ఆ తెలిసింది ఎవరికి అని ఓసారి వెనక్కి చూడు. స్టవ్ కట్టేశాకైనా సరే. ఆరోజు కొండమీద నాయనకి చెప్పిందీ అదే.