ఒంటికన్ను గుర్రం.. రెండు స్వర్ణాలు.. ఒక తూటా

1948 ఆగస్టు 12. లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇండియా హాకీ జట్టు బ్రిటన్‌ను 4-0తో ఓడించింది. స్వతంత్ర దేశంగా మనకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. అఖ్తర్ హుస్సేన్, లతీఫుర్ రెహ్మాన్ లాంటి వాళ్లున్న ఆ జట్టు ముచ్చట మన పెద్దవాళ్లలో చాలామందికి తెలుసు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, ఒలింపిక్స్ ఆఖరి రోజున, అదే మైదానంలో ఇంకో దేశం కూడా తన మొట్టమొదటి స్వర్ణం గెలిచింది. ఆ దేశం మెక్సికో. గెలిపించింది ఉంబెర్టో మారిలెస్ అనే సైనికాధికారి, అతని ఒంటికన్ను గుర్రం.

మన దగ్గర ఈ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. మెక్సికోలో తెలుసు. తెలిసినవాళ్లు కూడా కథను వెంబ్లీ దగ్గరే ఆపేయడానికి ఇష్టపడతారు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మారిలెస్ 1913లో ఉత్తర మెక్సికోలోని చివావా రాష్ట్రంలో, పర్రాల్ అనే గనుల ఊళ్లో పుట్టాడు. అప్పటికి మెక్సికో విప్లవం మొదలై మూడేళ్లు. అది గుర్రాల మీద జరిగిన యుద్ధం. విప్లవ నాయకుడు పాంచో వియాను 1923లో కాల్చి చంపింది ఆ పర్రాల్ వీధుల్లోనే. అప్పటికి మారిలెస్ పదేళ్ల పిల్లాడు. గుర్రం, తుపాకీ రెండూ రోజూ కళ్లముందు కనిపించే ఊరు అది. అలాంటి చోట పెరిగిన కుర్రాడు సైన్యంలో చేరి గుర్రమెక్కడంలో వింతేమీ లేదు.

ఆ రోజుల్లో ఒలింపిక్ గుర్రపు స్వారీ అంటే సైనికాధికారుల ఆట. 1948 దాకా ఆఫీసర్ హోదా ఉన్నవాళ్లు, లేదంటే ఔత్సాహిక పెద్దమనుషులు మాత్రమే దిగాలి. మామూలు సిపాయికి చోటు లేదు, ఆడవాళ్లకు అసలే లేదు. లండన్‌లో డ్రస్సాజ్ విభాగంలో టీమ్ స్వర్ణం గెలిచిన స్వీడన్ జట్టు దగ్గర నుంచి తర్వాత ఆ పతకం లాగేసుకున్నారు. జట్టులో ఒకాయన నిజానికి ఆఫీసర్ కాదని, పోటీల కోసం తాత్కాలికంగా హోదా ఇచ్చారని తేలింది. గుర్రానికి ఎక్కినవాడి భుజం మీద ఎన్ని పట్టీలున్నాయో తెలుస్తుందా? కానీ రూల్ అది.

మెక్సికో 1936 బెర్లిన్‌లో గుర్రాల మీద ఆడే పోలోలో కాంస్యం తెచ్చుకుంది. ఆ తర్వాత ప్రపంచ యుద్ధం వల్ల పన్నెండేళ్లు ఒలింపిక్స్ లేవు. యూరప్ సైన్యాల లాయాలు ఖాళీ అవుతున్న ఆ కాలంలో మారిలెస్ తన జట్టును తయారు చేసుకున్నాడు. అప్పటి ప్రెసిడెంట్ మాన్యుయెల్ అవిలా కమాచో తనే సైన్యం నుంచి వచ్చినవాడు, గుర్రాలంటే షౌక్ ఉన్నవాడు. ఆయన అండ దొరికింది. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగే నేషనల్ హార్స్ షోలో మెక్సికో ఆర్మీ జట్టు పేరు వినిపించడం మొదలైంది. మారిలెస్ రైడర్ మాత్రమే కాదు, జట్టుకు కెప్టెన్, ఉస్తాద్ కూడా. తన మాట జరగాల్సిందే అనే మనిషి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక గుర్రం. దాని పేరు అరేతే. స్పానిష్‌లో ఆ మాటకు చెవిపోగు అని అర్థం. దానికి ఒక కన్ను కనిపించదు. అడ్డంకుల మీదుగా దూకే గుర్రానికి ఇది చిన్న లోపం కాదు. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎదురుగా ఉన్న కర్ర ఎంత దూరంలో ఉందో సరిగా అంచనా వేయాలంటే రెండు కళ్లూ పనిచేయాలి. ఒక పక్క చీకటైతే ఆ పక్క నుంచి ఏమొస్తుందో దానికి తెలియదు. ఎక్కడ అడుగేయాలి, ఎక్కడ లేవాలి అన్నది పైన కూర్చున్నవాడు కాళ్లతో, పగ్గాలతో చెప్పాలి. గుర్రం అతన్ని నమ్మాలి. అలాంటి నమ్మకం కొరడాతో రాదు, రోజూ ఓపికగా పని చేస్తే వస్తుంది. ఆ సబర్ మారిలెస్ దగ్గర గుర్రాల విషయంలో పుష్కలంగా ఉండేది.

1946 చివర్లో ప్రెసిడెంట్ మారాడు. కొత్తగా వచ్చిన మిగెల్ అలెమాన్‌కు ఈ జట్టు మీద నమ్మకం లేదు. ఒంటికన్ను గుర్రాన్ని వేసుకుని లండన్ వెళ్తే దేశం నవ్వులపాలవుతుందని ఆయన భయం. ప్రయాణం వద్దని హుకుం వచ్చింది. అప్పటికి లెఫ్టినెంట్ కల్నల్‌గా ఉన్న మారిలెస్ ఆ హుకుం పక్కన పెట్టి, జట్టునూ గుర్రాలనూ తీసుకుని యూరప్ వెళ్లిపోయాడు. సైనికుడు దేశాధినేత మాట కాదనడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఓడిపోయి తిరిగొస్తే కోర్టు మార్షల్ ఖాయం. అతన్ని వెనక్కి పట్టుకు రమ్మని ఉత్తర్వులు వెళ్లాయని, ఈలోగా ఇటలీలో ఆ జట్టు గెలవడంతో అవి అమలు కాలేదని మెక్సికోలో చెప్పుకుంటారు.

లండన్‌లో మొదట ఈవెంటింగ్. ఒకే గుర్రంతో నడక నైపుణ్యం, కొండా గుట్టా పరుగు, జంపింగ్ మూడూ చేయాలి. మారిలెస్ అక్కడ ఎక్కిన గుర్రం పేరు పర్రాల్, అతని సొంత ఊరి పేరే. మెక్సికో జట్టుకు కాంస్యం వచ్చింది. ఆ అలసట తీరకముందే ఆగస్టు 14న వెంబ్లీలో షో జంపింగ్.

రూల్స్ తెలిస్తేగానీ ఆ రోజు మజా అర్థం కాదు. అడ్డంకి కర్ర పడేస్తే 4 ఫాల్టులు. నీటి గుంట దూకేటప్పుడు కాలు నీళ్లలో పడినా 4. టైమ్ దాటితే దానికీ కోత. ఎవరికి తక్కువ ఫాల్టులుంటే వాళ్లు విజేత. జట్టులో ముగ్గురూ కోర్సు పూర్తి చేయాలి, ఒక్కరు మధ్యలో ఆగినా జట్టు మొత్తం పోయినట్టే. ఆ రోజు కోర్సు ఎంత కఠినంగా ఉందంటే చివరికి మూడంటే మూడు జట్లే మిగిలాయి.

మారిలెస్ అందరికంటే ఆఖరున వచ్చాడు. అప్పటికి ముగ్గురు 8 ఫాల్టులతో ముందున్నారు. ఫ్రాన్స్ రైడర్ జాన్ ఫ్రాన్స్వా దోర్జే, అమెరికా రైడర్ ఫ్రాంక్లిన్ వింగ్, మూడో వ్యక్తి మారిలెస్ సొంత జట్టువాడే, రూబెన్ ఉరీసా. అంటే మారిలెస్ ముందు లెక్క సాఫ్‌గా ఉంది. 8 కంటే తక్కువ తేవాలి. తను పూర్తి చేయకపోతే టీమ్ పతకం కూడా గల్లంతే.

ఇక్కడే అతని హునర్ కనిపిస్తుంది. తొందరపడలేదు. టైమ్ పోతే పోనీ అని అరేతేను నెమ్మదిగా, ఒక్కో అడ్డంకి దగ్గర కుదుటపరుస్తూ తీసుకెళ్లాడు. ఒక్క కర్ర పడలేదు. చివర్లో నీటి గుంట దగ్గర మాత్రం అరేతే కాలు నీళ్లలో పడింది. 4 ఫాల్టులు. అది పొరపాటు కాదని, లెక్క వేసుకునే చేశాడని చాలామంది అంటారు. గుంట దాటాలంటే గుర్రాన్ని గట్టిగా పరిగెత్తించాలి, ఆ ఊపులో తర్వాతి గోడను గుద్దే ప్రమాదం ఉంది. 4 పోగొట్టుకుని గోడను క్షేమంగా దాటడమే మేలు. కామర్స్ చదివినవాళ్లకు ఈ లెక్క ఇంకా బాగా నచ్చుతుంది. గోడ దాటాడు. టైమ్ మించినందుకు ఇంకో 2.25. మొత్తం 6.25. స్వర్ణం.

8 దగ్గర సమానంగా ఉన్న ముగ్గురికి మళ్లీ పోటీ పెడితే రూబెన్ ఉరీసా రజతం గెలిచాడు, దోర్జేకి కాంస్యం. మూడో సభ్యుడు అల్బెర్టో వల్దేస్ 20 ఫాల్టులతో కోర్సు పూర్తి చేయడంతో మెక్సికో మొత్తం 34.25. రెండో స్థానంలో ఉన్న స్పెయిన్‌కు 56.50, బ్రిటన్‌కు 67. ఒక్క మధ్యాహ్నంలో రెండు స్వర్ణాలు, ఒక రజతం. వద్దన్న ప్రెసిడెంటే అభినందించాల్సి వచ్చింది. కోర్టు మార్షల్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మారిలెస్ తర్వాత జనరల్ అయ్యాడు. ఒకే ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన మెక్సికన్ ఇప్పటికీ అతనొక్కడే.

1952 హెల్సింకీకి కూడా వెళ్లాడు, పతకం రాలేదు. ఆ తర్వాత సంవత్సరాల గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. సన్మానాలు, విందులు, జనరల్ గారి హోదా. హుకుం కాదని వెళ్లి గెలిచిన మనిషిని కాదనేవాళ్లు దేశంలో తగ్గిపోయారు.

1964 ఆగస్టు 14. వెంబ్లీ విజయానికి సరిగ్గా 16 ఏళ్లు. మెక్సికో సిటీలో తన గౌరవార్థం జరిగిన పార్టీ నుంచి మారిలెస్ కారు నడుపుకుంటూ ఇంటికి బయల్దేరాడు. దారిలో ఇంకో కారు అతని కారును రోడ్డు పక్కకు నెట్టేలా వచ్చింది. మన సిటీల్లో రోజుకు పదిసార్లు జరిగే వ్యవహారమే. తర్వాతి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర రెండు కార్లూ ఆగాయి. మారిలెస్ తుపాకీ తీసి ఆ డ్రైవర్‌ను కాల్చాడు. ఆ మనిషి బతకలేదు.

వెంబ్లీలో గుంట దగ్గర 4 పోయినా ఫర్వాలేదని ఊరుకున్న మనిషి, సిగ్నల్ దగ్గర ఒక్క నిమిషం ఊరుకోలేకపోయాడు. కోపాన్ని మింగేయడాన్నే మన పెద్దలు పహిల్వానీగా లెక్కపెడతారు. కండబలం దాని తర్వాతే.

ఈ కేసు గురించి రాసేవాళ్లలో చాలామంది దీన్ని ఒక చాంపియన్ జీవితంలోని దురదృష్ట ఘటనగా దాటేస్తారు. దురదృష్టం ఎవరిది? చనిపోయిన వ్యక్తి మారిలెస్ కథల్లో ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. ఆ ఇంట్లోవాళ్లు ఆ రాత్రి అతని కోసం ఎదురుచూసి ఉంటారు. వాళ్లకు ఇన్సాఫ్ ఎంత దొరికిందన్నది కూడా ప్రశ్నే. మారిలెస్‌కు జైలు శిక్ష పడింది కానీ పూర్తిగా అనుభవించలేదు, ప్రెసిడెంట్ క్షమాభిక్షతో బయటికొచ్చాడు. పతకాలు లేని మామూలు డ్రైవర్ అదే పని చేసుంటే ఆ కాగితం మీద సంతకం పడేదా అని అడగడం తప్పు కాదు.

బయటికొచ్చాక ప్రశాంతంగా ఉన్నాడా అంటే అదీ లేదు. 1972లో పారిస్‌లో హెరాయిన్ స్మగ్లింగ్ ఆరోపణ మీద ఫ్రెంచ్ పోలీసులు అతన్ని పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో, విచారణ మొదలు కాకముందే, జైల్లోనే చనిపోయాడు. 59 ఏళ్లు. ఆ మరణం మీద రకరకాల పుకార్లు నడిచాయి. కోర్టు ముందుకు వెళ్లలేదు కాబట్టి డ్రగ్స్ కేసులో అతను దోషి అని గానీ, కాదని గానీ తీర్పు లేదు. సిగ్నల్ దగ్గర హత్య మాత్రం అలాంటిది కాదు, ఆ నేరానికి శిక్ష పడింది.

గుర్రపు స్వారీలో మెక్సికో ఆ తర్వాత 1980 మాస్కోలో మళ్లీ పతకాలు తెచ్చింది. అందులో స్వర్ణం లేదు. ఆ దేశం లెక్కల్లో ఈ ఆటకు ఉన్న స్వర్ణాలు ఇప్పటికీ రెండే, రెండూ 1948 ఆగస్టు 14న వచ్చినవే.